మిలాన్ నుంచి కోమో సరస్సుకు జంటగా ఒక్క రోజు: ఏది ముందు, ఏది తర్వాత

మిలాన్‌లో, చుట్టుపక్కల ఊళ్ళలో ఉంటున్న తెలుగు జంటలు నన్ను పదే పదే అడిగేది ఒకటే: "ఒక్క రోజు దొరుకుతుంది. కోమో సరస్సుకు వెళ్ళిరావాలి. ఎలా వెళ్తే బాగుంటుంది?" వీళ్ళలో చాలామంది ఒకసారి వెళ్ళొచ్చినవాళ్ళే. క్యూలలో సగం రోజు పోయి, మూడింటికి ఎక్కడా భోజనం దొరక్క, చివరి పడవ అందుతుందో లేదో అన్న టెన్షన్‌లో మాటా మాటా పెరిగి, మొహాలు ముడుచుకుని ఇల్లు చేరినవాళ్ళు.

మొదటిసారి మాకూ అదే జరిగింది. పొద్దున సరస్సు తూర్పు ఒడ్డున ఉన్న వరెన్న ఊరు చూసి, మధ్యాహ్నం పడవెక్కి ఎదుటి ఊరు బెల్లాజో వెళ్ళాం. సాయంత్రం అయిదున్నరకి బెల్లాజో రేవులో క్యూ వీధి మలుపు దాకా ఉంది. మా వంతు వచ్చేలోపే పడవ నిండిపోయింది. తర్వాతి పడవలో ఇవతలి ఒడ్డుకు చేరేసరికి రైలు వెళ్ళిపోయింది. తప్పు పూర్తిగా మాదే. ఊళ్ళు సరిగ్గానే ఎంచుకున్నాం, వరస తిరగబడింది.

రైల్వే స్టేషన్ వరెన్నలో ఉంది. కాబట్టి నీళ్ళు దాటే పని పొద్దున్నే పెట్టుకోవాలి, సాయంత్రానికి స్టేషన్ ఉన్న ఒడ్డునే ఉండాలి. కింద రాసినదంతా ఈ ఒక్క లెక్క మీద నడుస్తుంది.

1. ఎక్కడికి వెళ్ళాలి, ఎక్కడికి వద్దు

కోమో సరస్సు తలకిందులుగా పెట్టిన ఇంగ్లిష్ వై అక్షరంలా ఉంటుంది. కింది రెండు కాళ్ళలో ఎడమదాని చివర కోమో పట్టణం, కుడిదాని చివర లెక్కో. మూడు పాయలూ కలిసే చోట, మధ్య కొనమీద బెల్లాజో. దానికి ఎదురుగా తూర్పు ఒడ్డున వరెన్న.

పేరు చూసి చాలామంది కోమో పట్టణానికి టికెట్ కొంటారు. అక్కడి నుంచి బెల్లాజోకి మామూలు పడవలో దాదాపు రెండు గంటలు. రానూ పోనూ నాలుగు గంటలు నీళ్ళ మీదే పోతాయి. వరెన్న నుంచైతే పావుగంట.

ఒక రోజుకి వరెన్న, బెల్లాజో చాలు. మెనాజ్జో, లెన్నో కూడా కలుపుదామని అనిపిస్తుంది, మ్యాప్‌లో అంత దగ్గరగా కనిపిస్తాయి మరి. ఒక్కో ఊరు కలిపినప్పుడల్లా పడవ కోసం ఎదురుచూసే సమయం పెరుగుతుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నీళ్ళు చూసే సమయం ఆ మేరకు తగ్గుతుంది. వాటిని ఇంకో రోజుకి ఉంచుకోండి. మీరు ఉండేది ఇక్కడే కదా.

2. రోజు ఎంచుకోవడం

ఏప్రిల్ నుంచి జూన్ సగం దాకా, మళ్ళీ సెప్టెంబర్ నుంచి అక్టోబర్ మొదటి వారాల దాకా బాగుంటుంది. చలికాలంలో తోటలు మూసేస్తారు, పడవలు తగ్గుతాయి, బెల్లాజోలో సగం తలుపులు వేసే ఉంటాయి. ఆగస్టు 15 ఫెర్రాగోస్తో పండగ. ఆ వారం మాత్రం వద్దు, ఇటలీ అంతా నీళ్ళ దగ్గరే ఉంటుంది.

ఆఫీసులో ఒక్క రోజు ఫేరియె, అంటే సెలవు, పెట్టగలిగితే మంగళవారమో బుధవారమో వెళ్ళండి. ఆదివారానికీ దీనికీ పోలికే ఉండదు.

టికెట్ కొనేముందు సమ్మె ఉందేమో చూడండి. ఇక్కడ దాన్ని షోపెరో అంటారు. రవాణా శాఖ వెబ్‌సైట్‌లో తేదీలు ముందే పెడతారు. సమ్మె ఉన్నా పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా తప్పనిసరిగా నడిపే రైళ్ళు కొన్ని ఉంటాయి. సెలవు రోజుల్లో ఆ హామీ ఉండదు. ఆదివారం షోపెరో ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోండి.

వేసవిలో పట్టాల పనులు కూడా జరుగుతుంటాయి. టైమ్‌టేబుల్‌లో రైలు బదులు "బస్" అని ఉంటే దారిలో కొంత దూరం బస్సులో వెళ్ళాలని అర్థం. ఆ వారమూ వదిలేయడం మంచిది.

3. ముందురోజు రాత్రి

ప్లాన్ వెనక నుంచి వేయండి. ముందు తిరుగు రైలు, తర్వాత వరెన్నకు తిరిగొచ్చే పడవ, అన్నిటికంటే చివర పొద్దున బయల్దేరే రైలు.

☐ తిరుగు రైళ్ళు రెండు రాసుకోండి: ఎక్కాలనుకున్నది, దాని తర్వాతది. ఆ రోజు చివరి రైలు ఎన్నింటికో కూడా.

☐ పడవల టైమ్‌టేబుల్ వాటిని నడిపే సంస్థ నవిగాజియోనే లాగి సైట్ నుంచి ఫోన్‌లోకి దించుకోండి. "ఫెరియాలే" అంటే పనిదినం, "ఫెస్తివో" అంటే ఆదివారం, సెలవులు. ఈ రెండు మాటలూ చూడకుండా సమయం నమ్మకండి.

☐ రానూ పోనూ రైలు టికెట్లు మిలాన్ నుంచే కొనండి, ఈ రైళ్ళు నడిపే ట్రెనోర్డ్ యాప్‌లో గానీ స్టేషన్ మిషన్‌లో గానీ. వరెన్న స్టేషన్ చాలా చిన్నది, సాయంత్రం అక్కడ టికెట్ కోసం నిలబడాల్సిన పని పెట్టుకోవద్దు.

☐ పెర్మెస్సో కార్డు, అంటే నివాస అనుమతి. రెన్యూవల్‌లో ఉంటే పోస్టాఫీసు రసీదు, దానితో పాటు పాస్‌పోర్ట్. ఇద్దరివీ.

☐ పవర్ బ్యాంక్, చిల్లర నాణేలు (టాయిలెట్లకు), నీళ్ళ సీసా, పల్చటి స్వెటర్.

☐ టిఫిన్ డబ్బా. దీని సంగతి 7లో.

ఒకరు టికెట్లు, టైములు చూసుకోండి, రెండోవారు తిండి, డబ్బు చూసుకోండి. ఇద్దరూ అన్నీ చూస్తే ఏదీ చూడనట్టే అవుతుంది. కొత్తగా వచ్చిన భార్యకో భర్తకో భాష రాదని అన్నీ ఒక్కరే మోయకండి. వాళ్ళకూ ఒక పని అప్పగించండి, ఈ దేశంలో ధైర్యం వచ్చేది అలాగే. మా ఇంట్లో పడవ టికెట్లు కొనే పని మా ఆవిడ తీసుకున్నప్పుడే ఆమె ఇటాలియన్ మాటలు మొదలయ్యాయి.

4. చెప్పులు, బట్టలు

రెండు ఊళ్ళలోనూ సందులన్నీ రాళ్ళు పరిచిన మెట్లే. హీల్స్ వద్దు, కొత్త బూట్లు అసలే వద్దు. పాదానికి అలవాటైన చదునైన జత వేసుకోండి.

చీరలో ఫోటో కావాలనుకుంటే తప్పకుండా కట్టుకోండి, కానీ పడవ మీద, బెల్లాజో కొన దగ్గర గాలి గట్టిగా ఉంటుంది. పల్లూకి, కుచ్చిళ్ళకు పిన్నులు పెట్టుకోవాలి. మెట్లు దిగేటప్పుడు అంచు కాలికింద పడకుండా కాస్త ఎత్తి కట్టుకోవాలి. బట్టలు మార్చుకోవడానికి దారిలో చోటు దొరకదు, ఇంటి దగ్గరే కట్టుకుని బయల్దేరాలి.

జూన్‌లో కూడా స్వెటర్ పట్టుకెళ్ళండి. ఈ సరస్సు మీద పొద్దున ఉత్తరం నుంచి వీచే గాలిని తివానో అని, మధ్యాహ్నం దక్షిణం నుంచి వచ్చేదాన్ని బ్రేవా అని పిలుస్తారు.

5. పొద్దున: చెంత్రాలే నుంచి వరెన్న

మిలాన్ ప్రధాన స్టేషన్ మిలానో చెంత్రాలేలో బోర్డు మీద వరెన్న పేరు పెద్దగా కనిపించదు. చివరి స్టేషన్ "తిరానో" అని ఉన్న రైలు వెతకండి. మీరు దిగే స్టేషన్ పూర్తి పేరు వరెన్నా-ఎసీనో-పెర్లేదో. ప్రయాణం గంటా అయిదు నిమిషాలకు అటూ ఇటూ. తొమ్మిదిన్నర లోపు వరెన్నలో దిగే రైలు ఎంచుకోండి.

(అ) ఇరవై నిమిషాల ముందు స్టేషన్‌కి చేరండి. టికెట్ మిషన్ల దగ్గర సాయం చేస్తామంటూ వచ్చేవాళ్ళకు "నో, గ్రాత్సియే" చెప్పి మీ పని మీరు చూసుకోండి. పర్సు, ఫోన్ ముందు జేబులో ఉండాలి.

(ఆ) కాగితం టికెట్ అయితే ఎక్కేముందే ప్లాట్‌ఫారం దగ్గరున్న చిన్న మిషన్‌లో పెట్టి ముద్ర వేయించాలి. ఫోన్‌లో కొన్నది చెక్-ఇన్ అడిగితే అదీ ఎక్కకముందే చేయాలి. డబ్బు కట్టాం కదా అనుకుంటే సరిపోదు, ముద్ర లేని టికెట్‌కు జరిమానా పడుతుంది.

(ఇ) ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోండి. లెక్కో దాటాక సరస్సు ఆ వైపే వస్తుంది. మధ్యలో సొరంగాలు చాలా ఉన్నాయి. చీకటి పడి తెరుచుకున్న ప్రతిసారీ నీళ్ళు కొత్తగా కనిపిస్తాయి. అప్పుడు వీడియో తీసే ప్రయత్నం వద్దు, సగం చీకటే వస్తుంది.

6. వరెన్న రేవు

స్టేషన్ నుంచి రేవుకు కిందికి దిగే దారి, పది నిమిషాల లోపే. ఊరు ఎంత అందంగా కనిపించినా ఇప్పుడు ఆగవద్దు, సాయంత్రం అంతా ఇక్కడే ఉంటారు. నేరుగా రేవు కౌంటర్‌కి వెళ్ళండి.

పడవలు మూడు రకాలు. త్రగెత్తో అంటే కార్లను కూడా ఎక్కించుకునే పెద్ద ఫెర్రీ. బత్తెల్లో మనుషులకు మాత్రమే. రాపిదో వేగంగా పోతుంది, ఎక్కువ డబ్బు, కూర్చునేది లోపల. ఈ పావుగంట దూరానికి త్రగెత్తో చాలు. పై డెక్ మీద నిలబడి చుట్టూ చూడొచ్చు.

కౌంటర్ దగ్గర చెప్పాల్సిన మాట: "దూవె పెర్ బెల్లాజో, అందాతా ఎ రితోర్నో." బెల్లాజోకి ఇద్దరికి, రానూ పోనూ అని. తిరుగు టికెట్ కూడా ఇప్పుడే చేతిలో ఉంటే మధ్యాహ్నం ఒక క్యూ తప్పుతుంది.

7. బెల్లాజో: పది నుంచి రెండున్నర దాకా

జనం పదకొండు దాటాక పెరుగుతారు. అందుకని మొదటి గంట విలువైనది.

(అ) ముందు కాఫీ. బార్‌లో కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, రేవుకు ఎదురుగా బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. మా అలవాటు నిలబడి తాగడమే. టాయిలెట్ పని కూడా అక్కడే అయిపోతుంది.

(ఆ) తర్వాత సలీతా సెర్బెల్లోని మెట్ల సందు ఎక్కండి. అందరూ ఫోటోలు తీసుకునేది ఇక్కడే, పొద్దున్నే వెళ్తే మెట్లు ఖాళీగా దొరుకుతాయి. దుకాణాల్లోకి ఇప్పుడు దూరకండి.

(ఇ) పైకి చేరి ఉత్తరంగా పది నిమిషాలు నడిస్తే పుంతా స్పార్తివెంతో, గాలిని చీల్చే కొన అని ఆ పేరుకు అర్థం. సరస్సు మూడు పాయలూ ఒకేచోట నిలబడి చూడొచ్చు. టికెట్ లేదు. బెల్లాజోలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. ఇక్కడ కనీసం అరగంట ఉండండి, ఫోన్ సంచిలో పెట్టి.

(ఈ) వెనక్కి వచ్చి ఒడ్డు వెంట దక్షిణంగా నడిస్తే విల్లా మెల్జి తోట. మార్చి చివరి నుంచి శరదృతువు దాకా తెరిచి ఉంటుంది, ప్రవేశానికి టికెట్ ఉంది. వసంతంలో అజేలియాలు, రోడోడెండ్రాన్లు విరగబూస్తాయి. నీటి అంచున పెద్ద చెట్ల నీడ. ఎండ ముదిరే వేళకు ఇక్కడ ఉండేలా వరస పెట్టాను.

భోజనం సంగతి: ఇటలీలో వంటగదులు చాలాచోట్ల రెండున్నరకి మూతపడి, మళ్ళీ ఏడింటికి గానీ తెరుచుకోవు. జంటల గొడవల్లో సగం ఈ మధ్య సమయంలోనే మొదలవుతాయి. పన్నెండున్నరకే బల్ల దగ్గర కూర్చోండి. రేవు ముందు వరసలో కాకుండా, రెండు సందులు పైకి ఎక్కితే ధరలు కాస్త తగ్గుతాయి. బిల్లులో "కొపెర్తో" అని మనిషికి ఇంత అని వేస్తారు, అది మోసం కాదు, పద్ధతి.

మాంసాహారులైతే సరస్సు చేపలు తినండి. పెర్సికో చేప ముక్కలతో చేసే అన్నం ఇక్కడి వంటకం. "మిస్సొల్తీని" అని మెనూలో ఉంటే తెచ్చుకోండి. ఉప్పు పెట్టి ఎండబెట్టి అదిమి ఉంచిన సరస్సు చేప అది, పోలెంతాతో వడ్డిస్తారు. పోలెంతా అంటే మొక్కజొన్న రవ్వ సంకటి. సంకటీ ఎండుచేపా! కోస్తాలో పెరిగిన నాకు ఆ పళ్ళెం ముందు మాట రాలేదు.

శాకాహారులు "సెంజా కార్నె, సెంజా పెషె" అని చెప్పాలి, మాంసం వద్దు, చేప వద్దు అని. రిసోత్తో ఉడికించేది మాంసం రసంలోనా అని అడగండి, చాలాచోట్ల అంతే. పార్మిజానో చీజ్ తయారీలో దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, నిష్ఠగా ఉండేవాళ్ళు అది వద్దనాలి. చీజ్ లేని పిజ్జా కావాలంటే మరినారా: టమాటా, వెల్లుల్లి, నూనె. "పెపెరోని" అని ఉంటే భయపడకండి, ఇటాలియన్‌లో అది క్యాప్సికం.

ఇవన్నీ వద్దనుకుంటే డబ్బా తెచ్చుకోండి. చింతపండు పులిహోర ఎండాకాలంలో కూడా సాయంత్రం దాకా నిలుస్తుంది. పెరుగన్నం వేసవిలో వద్దు. డబ్బా బడి మెట్ల మీదో చర్చి మెట్ల మీదో విప్పకుండా ఒడ్డున బెంచీ చూసుకోండి. తిన్నాక చెత్త సంచిలో కట్టుకుని చెత్తబుట్ట కనిపించినప్పుడు వేయండి.

8. తిరిగి వరెన్నకు

రెండున్నర, మూడు మధ్య పడవ ఎక్కండి. సాయంత్రం రద్దీ మొదలవకముందే ఇవతలి ఒడ్డుకు వచ్చేస్తారు. ఇక్కడి నుంచి మీకు పడవతో పని లేదు. ఈ నిమిషం నుంచి రోజు ఎంత తేలికవుతుందో ఒకసారి చేసి చూడండి.

వరెన్నలో మూడున్నాయి, మీ కాళ్ళను బట్టి ఎంచుకోండి.

విల్లా మొనాస్తేరో తోట: నీళ్ళ అంచునే దాదాపు రెండు కిలోమీటర్లు సాగే దారి, చదును. తోటకు మాత్రమే టికెట్ అడగొచ్చు. అలసిపోయినవాళ్ళకు ఇదే సరైనది.

వేజ్యో కోట: రాళ్ళ బాటలో అరగంట ఎక్కుడు. పైనుంచి వరెన్న ఎర్ర పెంకుల కప్పులు, సరస్సు కనిపిస్తాయి. వర్షం పడితే మూసేస్తారు. ఒకరికి మోకాలు నొప్పి ఉంటే రెండోవారు ఒక్కరే ఎక్కి రావడం, ఒకరు కింద ఎదురుచూడటం లాంటివి పెట్టుకోవద్దు. ఇద్దరూ కలిసి తోటకే వెళ్ళండి.

ఫ్యూమెలాత్తె: ఊరికి దక్షిణంగా కొద్ది దూరంలో, మొత్తం 250 మీటర్ల పొడవే ఉండే నది. పేరుకు అర్థం పాల నది, నురగ తెల్లగా ఉండటం వల్ల. ఖమ్మం పాలేరు గుర్తొచ్చి మా ఆవిడ అక్కడ చాలాసేపు నిలబడిపోయింది. చలికాలంలో ఇది ఎండిపోతుంది, వసంతం, వేసవుల్లోనే పారుతుంది.

ఇంటికి వీడియో కాల్ కూడా ఇక్కడే పెట్టుకోండి. వేసవి టైములో మనకూ ఇండియాకూ తేడా మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర. జూన్‌లో ఇక్కడ నాలుగున్నర అంటే అక్కడ రాత్రి ఎనిమిది. అమ్మా నాన్నలు, అత్తమామలు భోజనాలకు కూర్చునే వేళ. ముందే ఆ టైము చెప్పి ఉంచితే పడవలోనో భోజనం మధ్యలోనో ఫోన్ మోగదు. సరస్సు కూడా వాళ్ళకు తీరిగ్గా చూపించొచ్చు.

చివరగా పస్సెజ్జాతా దెల్యి ఇన్నమొరాతి, ప్రేమికుల బాట. ఊరి మధ్య నుంచి రేవు దాకా కొండ అంచున, నీళ్ళ మీద వేలాడుతున్నట్టు ఉండే నడక దారి. నడిస్తే పది నిమిషాలు. దీన్ని సాయంత్రానికే ఉంచమనడానికి కారణం: వరెన్న తూర్పు ఒడ్డు కాబట్టి సూర్యుడు ఎదుటి కొండల వెనక దిగుతాడు, వెలుతురంతా నీళ్ళ మీద మీవైపే వస్తుంది. పొద్దున వచ్చినవాళ్ళకు ఇది దొరకదు.

రైలుకు పాతిక నిమిషాల ముందు బాట వదిలి బయల్దేరండి. పొద్దున దిగినంత తేలిక కాదు, ఇప్పుడు ఎక్కుడు.

9. ఖర్చు, ఇద్దరికి

రైలు మనిషికి ఒకవైపు సుమారు 7–8 యూరోలు, పడవ 5కి అటూ ఇటూ. ఈ రెండూ కలిపి ఇద్దరికి రానూ పోనూ 50 దాకా. రెండు తోటలూ చూసి, బయట మామూలు భోజనం చేస్తే మొత్తం 130–150 మధ్య తేలుతుంది. పులిహోర డబ్బా, ఒక్క తోట అనుకుంటే 80లోపే అయిపోతుంది. ధరలు ఏటా కాస్త కదులుతాయి, వెళ్ళే ముందు చూసుకోండి. తగ్గించాల్సి వస్తే భోజనంలోనో తోటలోనో తగ్గించండి, పడవ పై డెక్ మాత్రం వదలకండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సర్దుబాట్లు

పొద్దున రైలు తప్పింది. ఒక గంట ఆలస్యమైతే వరస మార్చకండి, విల్లా మెల్జి తీసేయండి. రెండు గంటలు దాటితే బెల్లాజో మొత్తం వదిలేసి వరెన్నలోనే రోజంతా ఉండండి. అది కూడా నిండైన రోజే.

ఉరుము వినిపించింది. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుముల వాన త్వరగా కమ్ముకుంటుంది. బెల్లాజోలో ఉంటే తర్వాత చూద్దామనుకోకుండా ముందు దొరికిన పడవలో వరెన్నకు వచ్చేయండి. వాన ఇక్కడ కాఫీ బార్‌లో కూర్చుని చూడొచ్చు.

ఫోటోలకే రోజంతా పోయింది. మెట్ల సందు, కొన, ప్రేమికుల బాట, ఈ మూడు చోట్లే ఫోటోలని ముందే ఒప్పందం చేసుకోండి. ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో కావాలంటే పక్కనున్న ఇంకో జంటను అడగండి. వాళ్ళకు ముందు మీరు తీసిపెట్టండి, కాదనరు.

ఒకరు అలసిపోయారు, చెప్పట్లేదు. మాటలు తగ్గిపోతే అదే గుర్తు. ఎక్కడున్నా ఆగి కూర్చోండి, ఏదైనా తినండి. జాబితాలో మిగిలినవి మిగలనీయండి.

చివరి పడవ ఎప్పుడో తెలియట్లేదు. రేవులో అడగాల్సిన మాట: "ఆ కె ఓరా పార్తె లూల్తిమో త్రగెత్తో?" జవాబు అర్థం కాకపోతే ఫోన్‌లో అంకె కొట్టి చూపించమనండి.

తిరుగు రైలు తప్పింది. రాసిపెట్టుకున్న రెండో రైలు ఉంది కదా, రేవు దగ్గరి బెంచీకి వెళ్ళి కూర్చోండి. యాప్‌లో కొన్న టికెట్ ఆ రైలుకే కట్టేసి ఉంటే, ఎక్కకముందే సమయం మార్చుకోవచ్చేమో అందులోనే చూడండి. ఎక్కాక కుడి వైపు కూర్చోండి, లెక్కో దాకా సరస్సు అటే ఉంటుంది.